జంపని నుంచి తొమ్మిదో అంతస్తుకి

'ఎవరింటికి?' అన్న ప్రశ్న మన తెలుగువాళ్ళు రెండు రకాలుగా అడుగుతారు. జంపని స్టేషన్లో రైలు దిగి ఊళ్ళోకి నడిచి వెళ్తుంటే, అరుగు మీద కూర్చున్న ఏ పెద్దాయనో 'ఎవరింటికి బాబూ?' అంటాడు. మీరు ఇంటి పేరు చెప్పగానే 'ఆ, వాళ్ళ రెండో అల్లుడివా? మీ మామ పొలం వెళ్ళాడు, ఇంట్లో మీ అత్తగారు ఉంటారు పో' అని సమాచారం కూడా ఇచ్చి పంపిస్తాడు. హైదరాబాద్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ దగ్గర కూడా అదే ప్రశ్న. 'కిస్కే ఘర్ జానా హై?' అని. టవర్ నంబరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు చెప్పాలి. యాప్‌లో మేం ఒప్పుకుంటేనే గేటు లేస్తుంది. మొదటి ప్రశ్న మనిషిని లోపలికి తీసుకెళ్ళడానికి, రెండోది బయట ఆపడానికి. ఈ రెండు ప్రశ్నల మధ్య ఓ మూడు వందల కిలోమీటర్ల దూరం ఉంది. మా నాన్న డెబ్భై ఆరో ఏట ఆ దూరం దాటి వచ్చాడు.

జంపని ఎక్కడుందో తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు మార్గంలో చినరావూరు దాటాక వచ్చే ఊరు మాది. వేమూరు మండలం. నిన్న మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అంటే సినిమాకీ, సంతకీ, డాక్టరుకీ మేం వెళ్ళే ఊరు ఒక జిల్లా, మా ఊరు ఒక జిల్లా. నాన్న మాత్రం ఇప్పటికీ ఎవరడిగినా 'గుంటూరు జిల్లా' అనే చెప్తాడు. మా ప్రాంతంలో జంపని అనగానే చాలామందికి పంచదార ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఒకప్పుడు చెరకు బళ్ళు బారులు తీరేవి. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు కాలువ కింద వరి, వరి కోశాక మినుమో పెసరో, మెరకన అరటీ కందా. కుర్రాళ్ళు మాత్రం ఊళ్ళో లేరు. బెంగళూరులోనో, డల్లాస్‌లోనో, మాలాగా హైదరాబాద్ పడమటి దిక్కునో ఉన్నారు.

ఆ పడమటి దిక్కు ఇలా పెరగడానికి ఓ కథ ఉంది. ముందు తరంలో ఉద్యోగానికి వచ్చిన మన కోస్తా వాళ్ళకి హైదరాబాద్ అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. ప్రభుత్వ హౌసింగ్ బోర్డు వేసిన కాలనీ అది. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఆదాయాన్ని బట్టి ఇళ్ళు. రోడ్లు, పార్కులు, ఫేజులు అన్నీ గీత గీసినట్టు ఉండేవి గానీ చుట్టూ గోడ లేదు. పెరుగమ్మి, పాత పేపర్ల వాడు, హరిదాసు ఎవరైనా రావచ్చు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక కథ మారింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు వచ్చాక ఇంకా మారింది. నల్లగండ్ల, తెల్లాపూర్, నార్సింగి, కోకాపేట... మొన్నటిదాకా జొన్న చేలూ బండరాళ్ళూ ఉన్న చోట ముప్ఫై, నలభై అంతస్తుల టవర్లు లేచాయి. ప్రతిదానికీ చుట్టూ గోడ, ముందు గేటు, గేటు మీద ఇంగ్లీషు పేరు. మన జనానికి మలేషియన్ టౌన్‌షిప్, సింగపూర్ టౌన్‌షిప్ అన్న మాటలు ఊళ్ళ పేర్లంత మామూలైపోయాయి.

నాన్న మా గేటు చూసి అన్న మొదటి మాట: 'ఇదేందిరా, కొండవీటి కోటలాగా ఉంది!'

కోటే. లోపల ఆరు టవర్లు. ఆరు వందల చిల్లర ఫ్లాట్లు. ఇంటికి ముగ్గురు చొప్పున వేసుకున్నా దాదాపు రెండు వేల మంది. అంటే ఓ మోస్తరు పల్లెటూరి జనాభా. కాకపోతే ఊరికి పంచాయితీ ఉంటుంది, మాకు అసోసియేషన్ ఉంటుంది. ఇది ఊరికే నలుగురు కూర్చుని పెట్టుకున్న కమిటీ అనుకుంటారు చాలామంది. కాదండీ, దీనికి చట్టాలున్నాయి. అపార్ట్‌మెంట్ల నిర్మాణానికీ యాజమాన్యానికీ 1987 నాటి చట్టం ఉంది. అసోసియేషన్‌ని 1995 మ్యూచువల్లీ ఎయిడెడ్ సొసైటీల చట్టం కిందో, 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో రిజిస్టరు చేస్తారు. 2016లో వచ్చిన రెరా చట్టం బిల్డరు మీద కొన్ని బాధ్యతలు పెట్టింది. కొనుక్కునేవాళ్ళ దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసం విడిగా ఖాతాలో ఉంచాలి. ఇల్లు అప్పగించాక అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే తన ఖర్చుతోనే బాగుచేయాలి.

పొలం మనిషి కాబట్టి నాన్నకి ముందు వచ్చిన అనుమానం భూమి గురించే. 'తొమ్మిదో అంతస్తులో గాల్లో ఉన్నావు. నీ భూమేదిరా?' అన్నాడు. అవిభాజ్య వాటా అని పత్రంలో రాస్తారని చూపించాను. మా ఫ్లాటుకి వచ్చింది నలభై రెండు గజాలు. అది ఎక్కడుందో గీత గీసి చూపించలేం, మొత్తం స్థలంలో అంత మనది అని మాత్రం లెక్క. నాన్న కాసేపు ఆలోచించి, 'అన్నదమ్ములు పంచుకోని పొలంలాంటిది అన్నమాట. మరి పేచీలుండవూ?' అన్నాడు. ఆ ఒక్క మాటలో గేటెడ్ కమ్యూనిటీ మొత్తం చెప్పేశాడనిపించింది.

పేచీలు లేకేం! ముఖ్యమైనది మెయింటెనెన్స్. చదరపు అడుక్కి నాలుగు రూపాయలనుకోండి, 1,650 అడుగుల ఫ్లాటుకి నెలకి 6,600. లిఫ్టులు, జనరేటరు డీజిలు, కాపలా, చెత్త, మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఈత కొలను, తోట అన్నీ అందులోంచే. నెలకి 7,500 దాటితే, పైగా అసోసియేషన్ వార్షిక వసూళ్ళు 20 లక్షలు మించితే, 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అందుకే చాలా చోట్ల మీటింగుల్లో ఆ 7,500 అంకె చుట్టూ బోలెడు లెక్కలు నడుస్తాయి. ఈత కొలనులో ఎప్పుడూ దిగని వాళ్ళు 'మేమెందుకు కట్టాలి' అంటారు. కింది అంతస్తు వాళ్ళు 'మాకు లిఫ్టు ఎందుకు' అంటారు. కాలువ పూడిక తీతకి పై రైతు డబ్బులివ్వనంటే కింది రైతు పడే గోడు మా ఊళ్ళో విన్నాను, ఇది అచ్చం అదే.

ఇక నీళ్ళు. మా ఊరికి కృష్ణా నీళ్ళు ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువల మీదుగా వస్తాయి. మొదటి ఆనకట్ట 1855కి పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ 1957 నాటిది. నీళ్ళు పల్లానికి వాటంతటవే పారతాయి. హైదరాబాద్‌కి కూడా 2004 నుంచి అదే కృష్ణ వస్తోంది. కానీ నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో, మెట్టు మెట్టుకీ పంపులు పెట్టి పైకి ఎత్తాలి. నగరం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది మరి. కృష్ణతో పాటు మంజీర, గోదావరి కలిసినా ఎండాకాలం మా గేటు ముందు ట్యాంకర్లు వరస కడతాయి. బోర్లు వెయ్యడుగులు దించినా దుమ్మే. నాన్న మొదటి వేసవిలో రోజూ పొద్దున ట్యాంకర్లు లెక్కపెట్టేవాడు. 'ఇవాళ పద్నాలుగు. మనకి ఆ నీళ్ళు పారితే ఎకరం తడుస్తుందా?' అని ఆయన లెక్క ఆయనది.

ఇవన్నీ బండి నడవడానికి కావలసినవి. మనుషుల సంగతికొస్తే, మొదటి రెండు నెలలూ నాన్న బాల్కనీలోనే ఉండిపోయాడు. కింద మనుషులు చీమల్లా కనిపిస్తారు, ఎవరినీ పిలవలేడు. ఎదురు ఫ్లాటు తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. జంపనిలో సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పాతిక మంది పలకరించేవారు. మూడో నెలలో వాకింగ్ ట్రాక్ మీద ఓ భీమవరం పెద్దాయన పరిచయమయ్యాడు. ఆయన్ని పట్టుకుని ఓ నిజామాబాద్ మాస్టారు, ఓ కర్నూలు రిటైర్డు ఇంజినీరు, ఓ ఒరిస్సా తాతగారు. నలుగురూ పిల్లల కోసం ఊరు వదిలి వచ్చినవాళ్ళే. ఆరో టవర్ పక్కన వేపచెట్టు కింద సిమెంటు బల్ల ఉంది, అది వాళ్ళ రచ్చబండ. వరి రేటు దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ నొప్పుల దాకా అన్నీ అక్కడే.

గేటు లోపల మంచి లేదని అనను. రాత్రి పదింటికి ఆడపిల్ల ఒంటరిగా నడిచి వస్తుంది. పిల్లలు బళ్ళ భయం లేకుండా ఆడుకుంటారు. నాన్నకి ఓ రాత్రి ఆయాసం వస్తే పది నిమిషాల్లో అంబులెన్సు లిఫ్టు ముందు ఆగింది. జంపనిలో అయితే ఆ వేళ తెనాలి చేరేసరికి ఏమయ్యేదో. సంక్రాంతికి క్లబ్‌హౌస్ ముందు ముగ్గులు, బతుకమ్మకి పూలు, ఓనానికి పాయసం, ఛఠ్‌కి ఈత కొలను గట్టు. ఊళ్ళో ఇన్ని రకాల పండుగలు ఎక్కడ చూస్తాం?

కానీ లోపల మరో గేటు ఉంది, అది కంటికి కనబడదు. టవర్‌కి మూడు లిఫ్టులు. రెండు మనకి, ఒకటి సర్వీసు లిఫ్టు. పనివాళ్ళు, డెలివరీ కుర్రాళ్ళు, చెత్త బకెట్లు అన్నీ అందులోనే. మా ఇంట్లో పనిచేసే ఆవిడది నారాయణఖేడ్ వైపు. నలభై అయిదేళ్ళుంటాయి, మోకాలు నొప్పి. ఓసారి సర్వీసు లిఫ్టు నాలుగు రోజులు పాడైంది. ఆవిడ తొమ్మిది అంతస్తులు మెట్లెక్కి వస్తోంది. మూడో రోజు కింద నాన్న చూశాడు. 'ఇట్టా రామ్మా' అని లిఫ్టు తలుపు పట్టుకుని లోపలికి పిలిచాడు. ఆవిడ భయపడుతూనే ఎక్కింది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో సీసీ కెమెరా ఫోటో వచ్చింది. 'రూల్స్ అందరికీ ఒకటే, దయచేసి పెద్దవాళ్ళకి చెప్పండి' అని కింద ఓ దణ్ణం బొమ్మ.

ఆ రాత్రి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. 'ఇది నాకు కొత్త కాదురా. మన ఊళ్ళో కూడా ఉంది. గేటు లేదు, బోర్డు లేదు, అంతే తేడా.'

నిజమే కదా. పల్లెటూరి గురించి రాసేటప్పుడు అరుగులూ మామిడి చెట్లూ రాసి ఊరుకుంటాం. పల్లె ఊరి చివర ఎందుకుంటుందో రాయం. ఎవరు ఏ బావిలో తోడుకోవాలో, హోటల్లో ఎవరికి ఏ గ్లాసు పెట్టాలో ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు, అయినా అందరికీ తెలుసు. చుండూరు మాకు దూరం కాదు, అదీ తెనాలి పక్కనే. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తలుపులేసుకుని కూర్చున్నాయని నాన్న చెప్తాడు. కనబడని గేటుకి తాళం ఎంత గట్టిగా పడుతుందో చూసిన మనిషి కాబట్టే, లిఫ్టు విషయం ఆయనకి చిన్నదిగా అనిపించలేదు. నగరం ఆ పాత గీతని చెరిపేస్తుందని నమ్మి పిల్లల్ని చదివించి పంపిన తరం అది. తీరా వచ్చి చూస్తే గీత లిఫ్టు ఎక్కి తొమ్మిదో అంతస్తుకి వచ్చింది.

ఆ నెల జనరల్ బాడీ మీటింగులో విషయం చర్చకి వచ్చింది. పనివాళ్ళు అన్ని లిఫ్టులూ వాడితే రద్దీ అని కొందరు, శుభ్రత అని కొందరు. నిజామాబాద్ మాస్టారు లేచి, 'మన అన్నం వండే చెయ్యి శుభ్రమే గానీ లిఫ్టు మీట నొక్కితే శుభ్రం కాదా?' అన్నారు. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తీర్మానం ఆ రోజు నెగ్గలేదు. సర్వీసు లిఫ్టు పాడైనప్పుడు మాత్రం ఎవరైనా ఏ లిఫ్టయినా వాడొచ్చని రాసుకున్నారు. అర అడుగు ముందుకి.

మిగతా అర అడుగు వేయించింది ఓ చావు. భీమవరం పెద్దాయన కార్తీక మాసంలో ఓ తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఇద్దరు కొడుకులూ అమెరికాలో, ఒక్కర్తే భార్య. కొడుకులు రావడానికి రెండు రోజులు పడుతుంది. ఫ్లాటులో ఉంచడానికి చోటు లేదు. లాబీలో పెడితే పిల్లలు జడుసుకుంటారన్నారు. క్లబ్‌హౌస్‌లో ఆ వారం పుట్టినరోజు ఫంక్షన్లు బుక్కయి ఉన్నాయి. రూల్సు పుస్తకంలో ఈత కొలనుకి రెండు పేజీలున్నాయి, పెంపుడు కుక్కలకి మూడు పేజీలున్నాయి. చావు గురించి ఒక్క వాక్యం లేదు. ఆరు వందల ఇళ్ళు కట్టినవాళ్ళకీ, కొన్నవాళ్ళకీ, ఇక్కడ ఎవరో ఒకరు పోతారన్న ఆలోచనే రాలేదన్నమాట.

చివరికి ఫ్రీజరు పెట్టెని సెల్లార్‌లో ఆయన కారు పెట్టుకునే చోట ఉంచారు. సర్వీసు లిఫ్టులోనే దించారు. నాన్న ఓ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. మాస్టారు, ఇంజినీరు, ఒరిస్సా తాతగారు కూడా వచ్చి కూర్చున్నారు. నేను ఇంటికి రమ్మంటే, 'శవాన్ని ఒంటరిగా వదలకూడదురా, మన ఊళ్ళో అయితే ఊరంతా కూర్చునేది' అన్నాడు. రాత్రి ఎనిమిదింటికి నలుగురే. తొమ్మిదింటికి ఇస్త్రీ అతను వచ్చి నిలబడ్డాడు. డ్యూటీ దిగిన ఇద్దరు సెక్యూరిటీ కుర్రాళ్ళు వచ్చారు. మా పనావిడా, ఆ టవర్‌లో పనిచేసే మరో ముగ్గురూ వచ్చి ఆ ఇల్లాలి పక్కన కింద కూర్చున్నారు. వాళ్ళని చూశాక కార్లు పెట్టడానికి దిగినవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. ఒకాయన ఆఫీసు బ్యాగు భుజాన ఉండగానే గంట నిలబడ్డాడు. ఎవరో ఫ్లాస్కుతో టీ తెచ్చారు. పదకొండింటికి కుర్చీలు చాలలేదు. అంతమంది మేం ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నాం. పక్క ఫ్లాటాయన పేరు నాకు ఆ రాత్రే తెలిసింది.

తర్వాతి మీటింగులో రెండు తీర్మానాలు పెద్దగా వాదన లేకుండానే అయ్యాయి. కింది అంతస్తులో వాడకుండా పడున్న ఓ స్టోర్ గదికి వేరే దారి పెట్టి, ఎవరైనా పోతే రెండు రోజులు ఉంచుకోవడానికి, బంధువులు కూర్చోవడానికి వీలు చేశారు. రెండోది, లిఫ్టుల మీద బోర్డు మార్చారు. ఇప్పుడు 'సామాన్లకు' అని ఒకదాని మీద ఉంటుంది, మిగతా రెంటి మీద ఏమీ లేదు. అయినా కొందరు పనివాళ్ళు ఇంకా సామాన్ల లిఫ్టులోనే ఎక్కుతారు. బోర్డు తీసినంత తేలికగా భయం పోదు.

మీలో ఎవరైనా ఇలాంటి చోట ఫ్లాటు కొనబోతుంటే, ఊరినుంచి అమ్మానాన్నల్ని తీసుకురావాలనుకుంటుంటే, నావి నాలుగు మాటలు. జిమ్ము ఎంత పెద్దదో చూసే ముందు, మీ వాటా భూమి ఎన్ని గజాలో చూడండి. వేసవిలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయో గేటు దగ్గరి కుర్రాణ్ణి అడగండి, బ్రోచరు చెప్పదు. అసోసియేషన్ ఏ చట్టం కింద రిజిస్టరైందో, లెక్కలు ఏటా చూపిస్తున్నారో కనుక్కోండి. పెద్దవాళ్ళు ఎండ తగలకుండా కూర్చునే బల్ల ఉందా, పనివాళ్ళకి మంచినీళ్ళూ బాత్రూమూ ఉన్నాయా, పై అంతస్తు నుంచి స్ట్రెచర్ పడుకోబెట్టి దించగల లిఫ్టు ఉందా చూడండి. ఇవి చూస్తే అక్కడ ఇళ్ళున్నాయా, మనుషులున్నారా తెలిసిపోతుంది.

భీమవరం పెద్దాయన పెద్దకర్మ అయ్యాక నాన్న నన్ను కూర్చోబెట్టి అడిగాడు. 'నాకైతే ఎక్కడ పెడతావురా?' అని. ఇక్కడే పెడతానంటే అబద్ధం, జంపని తీసుకెళ్తానంటే అక్కడ కూర్చునే జనం ఎందరు మిగిలారో ఇద్దరికీ తెలుసు. మా వీధిలోనే సగం ఇళ్ళకి తాళాలు. అందుకని ఇద్దరం ఓ ఒప్పందానికి వచ్చాం. ఊళ్ళో ఇంటికి కప్పు బాగుచేయించాం. వరి కోతల నుంచి మినుము ఇంటికి చేరేదాకా నాన్న అక్కడ, ఎండాకాలం నుంచి వానలు కుదురుకునే దాకా ఇక్కడ. డాక్టరు అవసరం ఉన్న నెలల్లో ఇక్కడ, మనుషులు కావలసిన నెలల్లో అక్కడ అనుకున్నాం ముందు. కానీ పోయిన సంక్రాంతికి మాస్టారూ ఇంజినీరూ ఇద్దరూ డెల్టా రైలెక్కి జంపని వచ్చి నాలుగు రోజులున్నారు. నాన్న వాళ్ళకి కాలువ గట్టూ, మూతపడ్డ ఫ్యాక్టరీ చూపించి, వచ్చేటప్పుడు చెరో కందగడ్డ ఇచ్చి పంపాడు. ఆ కందలో సగం మా పనావిడ ఇంట్లో వండుకున్నారని తర్వాత తెలిసింది.